ఒకే ఓడ, రెండు రీఫర్లు: మామిడి బాగుంది, బత్తాయి ఎందుకు కుళ్లింది?

నల్లగొండ పక్కనున్న ఒక ప్యాక్‌హౌస్ నుంచి సెప్టెంబరులో ఒకే రోజు రెండు 40 అడుగుల హైక్యూబ్ (ఎత్తు ఎక్కువున్న) రీఫర్ కంటైనర్లు, అంటే సరుకును చల్లగా ఉంచే పెట్టెలు, బయల్దేరాయి. ఒకదాంట్లో గుర్రంపోడు, కనగల్, నిడమనూరు తోటల సాత్‌గుడి బత్తాయి, సెట్ పాయింట్ (లోపల ఉంచమని పెట్టిన ఉష్ణోగ్రత) +6 డిగ్రీలు. రెండోదాంట్లో కొల్లాపూర్ బేనిషాన్ మామిడి ముక్కలు. మే నెలలో కోసి, గడ్డకట్టించి, కోల్డ్ స్టోరేజీలో దాచినవి, సెట్ పాయింట్ -20. రెండూ ముంబై పక్కనున్న నవాషేవా రేవులో ఒకే ఓడ ఎక్కి, పన్నెండో రోజుకు దుబాయ్‌లో కొనుగోలుదారు గోదాముకు చేరాయి. మామిడి దాదాపు చెక్కుచెదరలేదు. బత్తాయిలో మూడో వంతు ఏరి పారబోయాల్సి వచ్చింది.

సరుకు పంపిన పార్టీ పేరు, ఓడ నడిపే షిప్పింగ్ లైన్ పేరు ఇక్కడ అక్కర్లేదు. రెండింటినీ ఎక్కించింది ఒకే హమాలీ ముఠా, ఒకే పద్ధతిలో. ఆ ముఠాది ఫ్రోజెన్ సరుకు ఎక్కించడంలో తిరిగిన చెయ్యి. మామిడిని పేర్చడంలో వాళ్లు ఏ తప్పూ చేయలేదు. అదే పని బత్తాయికి చేయడమే తప్పయింది.

తలుపు తీసినప్పుడు కనిపించింది

కంటైనర్ యూనిట్ (దాన్ని చల్లబరిచే యంత్రం) రికార్డు డౌన్‌లోడ్ చేస్తే అంతా సవ్యంగా ఉంది. లోపలికి వెళ్లే గాలి దారి పొడవునా +6 దగ్గరే ఉంది. తిరిగి వచ్చే గాలి రెండో రోజుకే 9కి దిగి, ఆ తర్వాత 8 దగ్గర నిలిచింది. ఈ కాగితం ఒక్కటే చూస్తే సరుకు చల్లగా ఉందనే ఎవరైనా అంటారు.

కాయలో సూది థర్మామీటర్ గుచ్చితే వేరే కథ. యూనిట్ వైపు కింది వరస డబ్బాల్లో 7 డిగ్రీలు. కంటైనర్ నడిమధ్యన, నడుమెత్తులో ఉన్న డబ్బాల్లో 17. పైవరసల్లో 14, 15. తలుపు దగ్గరి వరసల్లో బయటి ముఖం చల్లగా, లోపలి ముఖం వెచ్చగా ఉంది. ఉష్ణోగ్రతను నమోదు చేసే రెండు చిన్న లాగర్లు పెట్టారు. ఒకటి గోడకు వేలాడదీసింది, అది 7 చూపింది. గోడకు వేలాడే లాగర్ గాలి సంగతి చెబుతుంది గానీ కాయ సంగతి చెప్పదు. రెండోది నడుమ వరస డబ్బాలో కాయల మధ్య పెట్టారు. నిజం చెప్పింది అదొక్కటే: ఎక్కించిన రోజు 29, దిగిన రోజు 17.

బూజు కూడా అదే లెక్కన ఉంది. కింది చల్లని డబ్బాల్లో చాలా తక్కువ. నడుమ డబ్బాల్లో పచ్చబూజు పట్టి, తాకితే పొడి లేచింది. చుట్టుపక్కల కాయలు తొడిమ దగ్గర మెత్తబడ్డాయి.

చల్లగాలి ఉంది, చల్లని కాయ లేదు. గాలి ఏ దారిన పోయిందో చూస్తేనే ఇది అర్థమవుతుంది.

గాలి దారి

రీఫర్‌లో యూనిట్ ఒక చివర, తలుపు ఇంకో చివర ఉంటాయి. చల్లగాలి కింద నుంచి వస్తుంది. నేల నిండా పొడుగునా ఇంగ్లిష్ 'టీ' అక్షరం ఆకారపు అల్యూమినియం పట్టీలుంటాయి, దీన్నే టీ-ఫ్లోర్ అంటారు. గాలి ఆ సందుల్లో తలుపు దాకా పాకుతూ, దారిలో ఎక్కడ సందు దొరికితే అక్కడ పైకి లేచి, కప్పు కింది ఖాళీ గుండా యూనిట్‌కు తిరిగి వస్తుంది. గోడ మీది ఎర్రగీత దాటి సరుకు పేర్చొద్దనేది ఆ తిరుగుదారి మూసుకుపోకూడదనే. గాలికి తెలివి లేదు, అడ్డం తక్కువున్న దారినే పోతుంది. నీళ్లు పల్లానికి పోయినట్టే.

ఫ్రోజెన్ సరుకు -18కో, అంతకంటే కిందికో దిగి ఎక్కుతుంది. దానిలో నుంచి తీయాల్సిన వేడి ఏమీ లేదు. గోడల గుండా చొరబడే వేడిని సరుకును తాకకముందే గాలి ఎత్తుకెళ్తే చాలు. అందుకే డబ్బాలను సందు లేకుండా ఒకే దిమ్మలాగా పేర్చాలి, గాలి ఆ దిమ్మ చుట్టూ తిరగాలి. తాజా గాలి వెంట్ (బయటి గాలి లోపలికి వచ్చే రంధ్రం) పూర్తిగా మూసి ఉండాలి.

బత్తాయి బతికున్న కాయ. కోశాక కూడా ఊపిరి పీలుస్తుంది, వేడి పుట్టిస్తుంది, బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. ఆ వేడి డబ్బా లోపలే పుడుతుంది కాబట్టి గాలి డబ్బా చుట్టూ తిరిగితే చాలదు, డబ్బాలోంచి పోవాలి. డబ్బా అడుగున, మూతకు రంధ్రాలుండాలి. ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు ఆ రంధ్రాలు నిలువునా కలవాలి. వెంట్ తెరిచి ఉండాలి.

ముఠా బత్తాయికి ఏం చేసిందంటే: మామిడికి వాడిన డబ్బాలే, లోపల అదే ప్లాస్టిక్ సంచి. కాయ వడలకుండా ఉంటుందని ప్యాక్‌హౌస్ వాళ్లే ఇచ్చారు. ఉద్దేశం మంచిదే, కానీ ఆ సంచి రంధ్రాలను లోపలి నుంచి మూసేసింది. డబ్బాలు తడవకూడదని టీ-ఫ్లోర్ మీద అట్టలు పరిచారు, గాలి లేచే సందులు కింద కూడా మూసుకుపోయాయి. వరసలను ఇటుక గోడ కట్టినట్టు ఒకటి మార్చి ఒకటి పేర్చారు. దిమ్మ గట్టిగా నిలిచింది, రంధ్రాలు ఏవీ ఒకదానికొకటి కలవలేదు. మేస్త్రి దీనికి చెప్పిన కారణం న్యాయమైనదే: "నడుమ సందు ఇడిస్తే దారిల డబ్బాలు ఊగుతయి సారూ, పడితే మళ్ల మాదే తప్పంటరు."

చివరికి తలుపు దగ్గర రెండడుగుల ఖాళీ మిగిలింది. నేల అంతా అట్ట, ఆ రెండడుగులే తెరుచుకున్న టీ-ఫ్లోర్. చల్లగాలి మొత్తం అట్టల కింద నుంచి పరుగెత్తి, ఆ ఖాళీలో పైకి లేచి, కప్పు కింద నుంచి నేరుగా యూనిట్‌కు చేరింది. సరుకు లోపలికి పోనేలేదు. తిరిగొచ్చిన గాలి 8 డిగ్రీలే ఉండటానికి కారణం అదే. రికార్డులో వచ్చే గాలికి, పోయే గాలికి తేడా తొందరగా తగ్గిపోతే సంబరపడేవాళ్లు చాలామంది. 24 టన్నుల వేడి కాయ ఉన్న కంటైనర్‌లో రెండో రోజుకే తేడా మూడు డిగ్రీలకు పడిపోయిందంటే అనుమానించాలి.

29 డిగ్రీల కాయను +6 చేయడానికి ఎంత పని?

15 కిలోల డబ్బాలు 1,600, అంటే 24,000 కిలోలు. కిలో బత్తాయిని ఒక డిగ్రీ దించడానికి సుమారు 3.75 కిలోజౌళ్లు తీయాలి. 29 నుంచి 6కు 23 డిగ్రీలు. గుణిస్తే 20 లక్షల 70 వేల కిలోజౌళ్లు. కరెంటు బిల్లు భాషలో 575 యూనిట్ల వేడి.

మామూలు రీఫర్ యూనిట్ ఈ ఉష్ణోగ్రతల్లో తీయగలిగేది 10 కిలోవాట్ల చుట్టుపక్కల. అందులోంచి ఫ్యాన్లు పుట్టించే వేడి, గోడల గుండా వచ్చేది, కాయ ఊపిరితో పుట్టేది, వెంట్‌లో వచ్చే తేమగాలి మోసుకొచ్చేది తీసేస్తే సరుకును చల్లార్చడానికి మిగిలేది ఆరు, ఆరున్నర. 575ని 6.5తో భాగిస్తే 88 గంటలు. గాలి ప్రతి కాయనూ తాకితేనే ఈ మూడున్నర రోజుల పైచిలుకు. తాకకపోతే లెక్కే లేదు.

సెట్ పాయింట్ +2 పెడితే త్వరగా చల్లబడుతుంది కదా అని చాలామంది అడుగుతారు. చల్లబడదు. వేడి సరుకు ఉన్నప్పుడు యూనిట్ ఎలాగూ పూర్తి శక్తితో నడుస్తూనే ఉంటుంది, అంకె మార్చితే దాని బలం పెరగదు. నేల దగ్గరి కాయకు మాత్రం అతిచలువ తగులుతుంది. రీఫర్ ఉన్న చలువను కాపాడే పెట్టె, చలువ చేసే మిషన్ కాదు. మామిడికి ఈ సంగతి అందరూ ఒప్పుకుంటారు. గడ్డకట్టని ముక్కలు ఎక్కించి ఓడలో గడ్డకడతాయిలే అని ఎవరూ అనుకోరు. బత్తాయి దగ్గరికి వచ్చేసరికి అదే మనుషులు మరిచిపోతారు.

మచ్చల తగాదా

కొనుగోలుదారు పంపిన ఫొటోల్లో బూజుతో పాటు తొక్క మీద గోధుమరంగు మచ్చలున్నాయి. మీ కంటైనర్ అతిచలువతో కాల్చేసిందని ఆయన వాదన. ఫొటోలను డబ్బా నంబర్లతో సరిచూస్తే ఆ వాదన నిలవలేదు. 17 డిగ్రీల నడుమ డబ్బాల్లోనూ అవే మచ్చలు, అంతే సంఖ్యలో. అక్కడికి చలువే చేరలేదు, అతిచలువ ఎక్కడిది?

దగ్గరగా చూస్తే మచ్చలో నూనె బుడిపెలు గింజల్లా పైకి తేలి, వాటి మధ్య తొక్క కుంగి ఉంది. ఇది తొక్కనూనె కాల్చిన మచ్చ. తెల్లవారుజామున మంచు తడి మీద, లేదా వాన పడ్డ మర్నాడు, కాయ నీరు తాగి బిర్రుగా ఉంటుంది. ఆ సమయంలో కోసి సంచిలో వేస్తే చిన్న ఒత్తిడికే నూనె బుడిపెలు చిట్లుతాయి. ఆ నూనె పక్క తొక్కను కాలుస్తుంది. కోసిన రోజు ఏమీ కనబడదు, రెండు మూడు రోజులకు బయటపడుతుంది, అప్పటికి కంటైనర్ సోలాపూర్ దాటి ఉంటుంది. ఆ లోడుకు కోత ఉదయం ఆరింటికి మొదలైంది, ముందు రోజు వాన. ఎండెక్కకముందే పని ముగించాలని కూలీలు తొందరపడటం సహజం. స్థానిక మార్కెట్‌కు పోయే కాయకు అది చెల్లుతుంది. మంగు పట్టి తొక్క రంగు మారిన కాయనే తరుగు తీసి కొనే చోట ఇలాంటి మచ్చను లెక్కచేసేవాళ్లు లేరు.

తొడిమ దగ్గరి కుళ్లుకు కారణం వేరే. కాయను మెలితిప్పి లాగితే తొడిమ గుండీ ఊడి గుంట పడుతుంది, అక్కడి నుంచే శిలీంధ్రం లోపలికి దిగుతుంది. కత్తెరతో కోసి, కాడను గుండీకి సమంగా కత్తిరించాలి. కాడ పొడుగ్గా వదిలితే పక్క కాయకు గుచ్చుకుంటుంది, అదీ గాయమే.

రెండో లోడు

మూడు వారాల తర్వాత అదే పార్టీ మళ్లీ బత్తాయి పంపింది. ఈసారి కోత మంచు ఆరాక, తొమ్మిదిన్నర దాటాక మొదలుపెట్టారు. వాన పడిన మర్నాడు కోత లేదు. కోతకు వాడే సంచులు తీసేసి ప్లాస్టిక్ క్రేట్లు ఇచ్చారు. కోసిన కాయను ఆ రాత్రి నీడలో క్రేట్లలోనే వదిలేశారు. తొక్క కాస్త మెత్తబడితే ప్యాకింగ్ లైన్ మీద బుడిపెలు చిట్లవు. తర్వాత క్లోరిన్ నీళ్లలో కడగడం, ఆరబెట్టడం, తినదగిన మైనం పూత. డబ్బా లోపలి ప్లాస్టిక్ సంచి చేసే పని ఈ పూత చేస్తుంది, గాలికి అడ్డం రాదు. శిలీంధ్రనాశిని వాడితే కొనే దేశం ఒప్పుకున్న మందు, అది పెట్టిన అవశేష పరిమితి ముందే చూసుకోవాలి.

అసలు ఖర్చంతా ముందు చల్లార్చడంలో ఉంది. జిల్లాలో దొరికే కోల్డ్ స్టోరేజీ గదులు చాలావరకు మిర్చికో, చింతపండుకో కట్టినవి. వాటిలో కాయ పెడితే రెండు సమస్యలు. మిర్చి ఘాటు పట్టుకుంటుంది, పైగా ఊరికే గదిలో నిలబెడితే ప్యాలెట్ (డబ్బాలు పేర్చే బల్ల) నడిమి డబ్బా చల్లబడటానికి రెండు మూడు రోజులు. అందుకే ఖాళీగా ఉన్న గదిని కడిగి, వాసన పోయాక, అందులోనే గాలి లాగే ఏర్పాటు చేశారు. ప్యాలెట్లను నాలుగేసి రెండు వరసలుగా నిలబెట్టి, మధ్య నడవ వదిలి, నడవ పైభాగం, ఒక చివర టార్పాలిన్‌తో మూసి, ఇంకో చివర పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టారు. ఫ్యాన్ నడవలోని గాలిని లాగుతుంటే గది చల్లగాలి డబ్బాల పక్క రంధ్రాల గుండా కాయల మధ్య నుంచి రాక తప్పదు. కిలో కాయకు సెకనుకు అర లీటరు నుంచి లీటరు గాలి కావాలి. 8 ప్యాలెట్లు అంటే 9,600 కిలోలు, కాబట్టి సెకనుకు 5 నుంచి 10 ఘనపు మీటర్లు. ఇంట్లో కిటికీకి పెట్టే ఫ్యాన్‌తో అయ్యే పని కాదు. ప్యాలెట్ల మధ్య, కింద సందులను గోనెతోనో ఫోమ్‌తోనో బిగించాలి. లేకపోతే గాలి మళ్లీ సులువైన దారే పడుతుంది.

కూలింగ్ మిషన్ సంగతీ చూసుకోవాలి. ఈ 9,600 కిలోలను 20 డిగ్రీలు దించాలంటే 200 యూనిట్ల వేడి తీయాలి. పది గంటల్లో తీయాలంటే సగటున 20 కిలోవాట్లు, మొదటి రెండు గంటల్లో దాదాపు దానికి రెట్టింపు. నిల్వ కోసం మాత్రమే లెక్కగట్టి పెట్టిన కంప్రెషర్ ఇక్కడ చేతులెత్తేస్తుంది. గది ఉష్ణోగ్రత పెరుగుతూ పోతే ప్యాలెట్లు తగ్గించడమే దారి. 20 ప్యాలెట్లను 8, 8, 4గా మూడు విడతల్లో చల్లార్చారు. ఆపాల్సింది గడియారం చూసి కాదు, నడుమ డబ్బాలోని కాయ గుజ్జు ఎన్ని డిగ్రీలుందో చూసి. గది 6 ఉంటే గుజ్జు 9కి దిగాక ఫ్యాన్ ఆపొచ్చు. ఆ మిగతా మూడు డిగ్రీలు గదిలోనూ, రీఫర్‌లోనూ దిగుతాయి.

ఎక్కింపు కూడా మారింది. 1,200 × 1,000 మిల్లీమీటర్ల ప్యాలెట్ మీద 400 × 300 × 270 డబ్బాలు పొరకు 10, ఎత్తున 8 పొరలు, అంటే 80. మూలకు మూల నిలువుగా, మూలలకు కోణపు పట్టీలు, చుట్టూ ప్లాస్టిక్ పట్టీ బిగింపు. మేస్త్రి భయం ఈ పట్టీలతో తీరింది, డబ్బాలు ఊగలేదు. ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టలేదు. 20 ప్యాలెట్లు పెట్టాక తలుపు దగ్గర మిగిలిన టీ-ఫ్లోర్‌ను, చివరి ప్యాలెట్ల అడుగు సందుల నోళ్లను మందపాటి అట్టతో కప్పేశారు. మొదటి లోడులో అట్ట ఉండకూడని చోటంతా ఉంది, ఉండాల్సిన ఈ ఒక్క చోట లేదు.

వెంట్ దగ్గర చిన్న గండం తప్పింది. బుకింగ్‌లో "25" అని మాత్రమే రాశారు. ఖాళీ కంటైనర్ ఇచ్చిన డిపోలో దాన్ని 25 శాతంగా తీసుకుని తిప్పారు. కావాల్సింది గంటకు 25 ఘనపు మీటర్లు. శాతం లెక్కన తెరిస్తే అంతకు రెండు మూడు రెట్ల బయటిగాలి లోపలికొచ్చి, సముద్రపు తేమ యూనిట్‌లోని చల్లని కాయిల్ మీద మంచై పేరుకునేది. గేటు దగ్గర చూసిన సూపర్‌వైజర్ సరిచేయించాడు. ఉష్ణోగ్రత కూడా అంతే, "+6" అని గుర్తుతో సహా రాయాలి. ఫ్రోజెన్, చిల్డ్ (గడ్డకట్టకుండా చల్లగా ఉంచేది) రెండూ పంపే పార్టీకి గుర్తు లేని అంకె ప్రమాదమే.

దారి, జెన్‌సెట్

నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే హైదరాబాద్, జహీరాబాద్, సోలాపూర్, పుణె మీదుగా నవాషేవా సుమారు 800 కిలోమీటర్లు. దారంతా యూనిట్‌కు కరెంటు ఇచ్చేది ట్రైలర్ మీది జెన్‌సెట్టే, అంటే డీజిల్ జనరేటర్. గంటకు మూడు నాలుగు లీటర్ల డీజిల్ తాగుతుంది, అందుకే ధాబా దగ్గర దాన్ని ఆపేసే డ్రైవర్లుంటారు. యూనిట్ రికార్డులో ఆ ఖాళీ గంటలు కనబడతాయి. మొదటి ప్రయాణంలో రెండు ట్రైలర్లూ ఒకే చోట నాలుగు గంటలు ఆగాయి, రెండు జెన్‌సెట్లూ ఆపేశారు. -20లో ఉన్న మామిడి దిమ్మ ఆ నాలుగు గంటలను పట్టించుకోలేదు. వేడి బత్తాయి మాత్రం తన ఊపిరి వేడికి తానే ఇంకొంత ఉడికింది. బయల్దేరేముందు ట్యాంకులో డిప్‌స్టిక్ ముంచి రాసుకోవడం, దారిలో రెండుసార్లు డిస్‌ప్లే ఫొటో అడగడం కంటే మంచి ఉపాయం లేదు.

కాగితాల్లో తిప్పలేమీ రాలేదు. బత్తాయికి మొక్కల క్వారంటైన్ వాళ్ల ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. 2022 మే 1 నుంచి అమల్లో ఉన్న భారత్-యుఏఈ ఒప్పందం కింద సుంకం రాయితీ కావాలంటే మూలదేశ పత్రం కూడా. నింపిన కంటైనర్ తూకం ప్రకటించకుండా ఓడ ఎక్కించరు, 2016 జులై 1 నుంచి ప్రపంచమంతా ఇదే నియమం.

నష్టం ఎవరిది?

మొదటి లోడుకు పార్టీ షిప్పింగ్ లైన్ మీద క్లెయిమ్ వేసింది. అడిగిన ఉష్ణోగ్రతకు గాలి ఇచ్చామని లైన్ వాళ్లు రికార్డు చూపించారు. జెన్‌సెట్ ఆగిన నాలుగు గంటలు పార్టీ పెట్టుకున్న ట్రైలర్‌వి. బీమా వాళ్లు సరుకు స్వభావం వల్ల వచ్చిన చెడు పాలసీలో లేదన్నారు. ఎక్కించేటప్పుడు గుజ్జు ఎంత ఉందో రాసిన కాగితం పార్టీ దగ్గర లేదు, కాబట్టి ఎదురు చెప్పడానికి ఆధారమూ లేదు. రెండో లోడు నుంచి ప్రతి ప్యాలెట్‌కు రెండు కాయలు గుచ్చి, ప్యాలెట్ నంబరుతో అంకె రాసి, థర్మామీటర్ కనబడేలా ఫొటో తీస్తున్నారు. థర్మామీటర్‌ను ముందు మంచుముక్కలు కలిపిన నీళ్లలో ముంచి సున్నా చూపుతోందో లేదో చూసుకోవాలి. అర డిగ్రీకి మించి తేడా ఉంటే ఆ ఫొటోలకు విలువ లేదు.

మామిడిలోనూ ఒక లోపం ఉంది, చిన్నది. తలుపు దగ్గరి ఇరవై ముప్పై డబ్బాల్లో ముక్కలు ఒకదానికొకటి అంటుకుని, సంచి లోపల మంచుపొడి పేరుకుంది. ఎక్కించే చోట గది తలుపుకు, కంటైనర్‌కు మధ్య గాలి చొరబడని అంచు లేదు. తలుపులు బార్లా తెరిచి ఉన్నా యూనిట్‌ను నడుపుతూనే ఉంచారు, చల్లగా ఉండాలని. అది బయటి తేమగాలిని లాక్కుంది, కాయిల్ మంచు పట్టింది, మొదటి కొన్ని గంటలు చలువ పడిపోయింది. అంచు లేని చోట ఎక్కింపు జరుగుతున్నంతసేపూ యూనిట్ ఆపాలి, కంటైనర్‌ను ముందే చల్లబరచనూ కూడదు. చల్లని గోడలకు బయటి తేమ చెమటలా పడుతుంది. చివరి డబ్బాలు గదిలోంచి ఆఖరున తీసి, తలుపు మూశాకే ఆన్ చేయాలి.

రెండో బత్తాయి లోడు దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవులో దిగినప్పుడు నడుమ డబ్బా గుజ్జు 6.5, పై డబ్బా 7. బూజు పట్టిన కాయలు వెతికితే గానీ కనబడలేదు. దుబాయ్‌లోని అల్ అవీర్ పండ్ల మార్కెట్‌కు పోయిన సరుకులో ఒక్క ఫిర్యాదు వచ్చింది: కింది పొర డబ్బాలు నలిగి, కాయలు నొక్కుకుపోయాయి. చల్లని తేమలో అట్ట బలం సగానికి పడిపోతుంది, పైన ఏడు డబ్బాల బరువు నూరు కిలోలకు పైనే. డబ్బా పక్క రంధ్రాలు మూలకు రెండంగుళాల దూరంలోనే కోసి ఉన్నాయి, బరువు మోసేది ఆ మూలలే. మూడో లోడుకు రంధ్రాలను పక్కల నడుమకు జరిపించి, అట్ట 5 ప్లై (పొరలు) నుంచి 7 ప్లైకి మార్చమని డబ్బాల తయారీదారుకు చెప్పారు.